మొక్కజొన్న వైపు వాలు

గీతలు గీసేది నేను,
సున్నం బండి తోసుకుంటూ, ఇరవై ఆరేళ్లు.
కాబట్టి నన్నడిగితే
మార్లిస్ హూక్‌స్ట్రా సంగతి నేల దగ్గరే మొదలవుతుంది.
వచ్చిన రోజే ఆవిడ మైదానం నడుమ బంతి పెట్టి వదిలేసింది.
అది కాసేపు ఆలోచించి
తూర్పున మొక్కజొన్న చేలోకి దొర్లిపోయింది.
"సరే, వాలు తెలిసింది" అంది.
చదును చేయించమని ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు.

ఆ ఏడు అమ్మాయిలు పదకొండు మందే.
పన్నెండో జెర్సీ పెట్టెలోనే మడత నలగకుండా ఉండిపోయింది.
ఇద్దరు కోయిర్ నుంచి వచ్చారు.
గోల్‌కీపర్ డీలా, లేగదూడల్ని పట్టి పట్టి
చేతులు గట్టిపడ్డ పాడిరైతు పిల్ల.
పదమూడు ఆటలు ఓడారు. పద్నాలుగోది డ్రా.
ఆ రాత్రి బస్సులో పండగే.
డ్రైవర్నీ నేనే లెండి, అయోవాలో చిన్న కాలేజీ అంటే
ఒక్కో మనిషి నడుముకి మూడు తాళాల గుత్తులు.
అద్దంలో చూశాను: పిల్లల మోకాళ్ల కోసం తెచ్చిన ఐసు సంచి
తన నుదుటికే ఆనించుకుని
కళ్లు మూసుకుని నవ్వుతోంది.

జీతం అంతంత మాత్రం. పొద్దున ఎనిమిదింటికి క్లాసు చెప్పేది,
బురద జెర్సీలు ఇంటికి పట్టుకెళ్లి ఉతికేది.
ఆట ముందు ప్రార్థనలో గెలుపు అడిగేది కాదు.
"ఎవరి కాలూ విరగనీకు ప్రభువా, ఎదుటివాళ్లది కూడా."
అంతే, ఆమెన్.
మరీ పొట్టిగా ఉందని పాస్టరుగారు అన్నారట.

ఆగస్టులో చేలోకి పోయిన బంతులు
అక్టోబరు కోతల్లో బయటపడేవి.
వీబ్ హిబ్మా కోత యంత్రం ఆపి, దిగి,
కంచె మీంచి విసిరేవాడు,
కొన్ని బాగానే, కొన్ని నిలువునా చీలి.
ఆవిడ నోటుబుక్కులో వాటికో పేజీ: తేదీ, తన్నినమ్మాయి పేరు.
గెలుపోటముల పేజీ నేనైతే చూడలేదు.

ఇక ఆ ఆదివారం.

శనివారం మంచు పడి ఫైనల్ మర్నాటికి జరిగింది.
మా కాలేజీ ఆదివారం ఆడదు.
అది తాతల నాడు రాసుకున్న మాట.
ప్రెసిడెంటు ఫోన్ చేస్తే "తెలుసు" అని పెట్టేసింది.
పదిహేడు ఆటలు గెలిచిన జట్టు
ఆడకుండానే ఓడింది, కాగితం మీద, ఒకటి సున్నా.
ఆ ఒకటి ఎవరూ కొట్టలేదు.

ఆరాధన అయ్యాక బాయిలర్ చూడ్డానికి వెళ్తూ ఆగాను.
మైదానం అంచున ఆవిడ కారు.
రెండింటికి, విజిల్ మోగాల్సిన వేళకి, దిగింది.
ఎవరూ పిలవకుండానే పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు,
చర్చి బూట్లతో, పొడుగు కోట్లతో.
బంతి ఎవరి దగ్గరా లేదు.
మంచు కింద నా గీతలు కనబడవు కదా,
అయినా ఎవరి చోట్లో వాళ్లు నిలబడ్డారు.
ట్రూడీ ఒక్కర్తే ఒక్కసారి గాల్లోకి కాలు విసిరింది.
అది ఆట కిందికి వస్తుందో రాదో
పెద్దల్ని నేనడగలేదు.

ఆరేళ్ల తర్వాత ఒక రాత్రి, ఖాళీ బస్సులో, ఫ్లాస్కు మూత తిప్పుతూ
"నేనైతే ఆడించేదాన్ని, గెరిట్" అంది.
మళ్లీ ఆ మాట రాలేదు.

మొన్న మేలో కేకు కోశారు, ఫలకం ఇచ్చారు,
దానిమీద ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు.
జూన్‌లో యంత్రాలు వచ్చి మైదానం చదును చేశాయి.
కొత్త కోచ్ నడుమ బంతి పెట్టాడు.
అది అక్కడే ఉంది.

నిన్న హిబ్మా కొడుకు కంచె మీంచి ఒకటి విసిరాడు,
రంగు పోయి, గాలి సగం దిగి, ఏ ఏటిదో.
ఎవరు తన్నిందో చెప్పే నోటుబుక్కు ఆవిడతోనే పోయింది.
బండిలో సున్నం సంచి పక్కన పెట్టుకున్నాను.
గురువారం ఎలాగూ ఆ వీధిలో పని ఉంది.