చుట్టు కలిసేచోట

తెల్లారుజామున లాకుల దగ్గర మొదలు.
టీకొట్టు పొయ్యి ఇంకా గొంతు సవరించుకుంటూ ఉంటుంది.
బొక్కా ఏలీషా వస్తాడు, చెప్పులు చేత్తో పట్టుకుని.
"పర్రలో తొక్కితే వీటికి జబ్బు చేస్తుంది" అంటాడు.
ముప్పై ఏళ్లు లాకు తలుపులు తిప్పిన కళాసీ అతను.
నేను తాలూకాఫీసులో గొలుసు లాగినవాణ్ణి.
అతనికి నీళ్లు తెలుసు, నాకు గట్లు.
ఇద్దరికీ షుగరు.
డాక్టరమ్మ నడవమంది గానీ
ఎటు నడవాలో చీటీలో రాయలేదు.

మురుక్కాలవ మీద తాటిపట్టె దాటితే
ఊరు వెనక్కి తగ్గిపోతుంది.
కొబ్బరి ఆఖరి వరస దగ్గర నీడ కూడా ఆగిపోతుంది.
ఆపైన పర్ర.
పచ్చదనం అమ్ముకునే ఈ సీమలో
ఎవరూ ఫొటో తీయని చోటు.
ఉప్పు పొంగి, ఎండి, అప్పడంలా పగిలిన నేల,
ఎర్రబారిన ఇలకూర, మోకాలెత్తు తుమ్మ,
తపస్సూ గిపస్సూ లేని కొంగలు
చేపపిల్లల వెనక రెండు కాళ్లతోనూ పరిగెడుతుంటాయి.

నా పాత పటంలో దీనికి ఒకటే మాట: పోరంబోకు.
కొలిచిన రోజు తాసీల్దారు గొడుగు కింద కూచుని
"ఏముందిరా ఇక్కడ కొలవడానికి" అన్నాడు.
ఇప్పుడైతే చెప్పగలను.
పీత బొరియలున్నాయండి, నక్క అడుగులున్నాయండి,
రొయ్యల చెరువు తవ్వి అప్పుల్లో మునిగినవాడి
ఏరేటరు రెక్క ఒకటి ఉందండి,
గాలొస్తే తిరుగుదామనుకుని మానేస్తుంది.

ఎదురుగాలిలో మేం మాట్లాడుకోం.
గాలి పక్కకి తిరిగాక ఏలీషా అంటాడు,
"పోటు ఇంకో అరగంట."
వాచీ చూడడు, మడమ గుంటలో
నీళ్లు ఊరే తీరు చూస్తాడు.

మడచెట్ల అంచున మలుపు.
అక్కణ్ణించి చేతులు కూడా వాడి ఎక్కాలి
రైలుకట్ట.

రైలుకట్టనే అంటాం.
పట్టాలు ఏదో యుద్ధానికి ఎత్తుకుపోయారని మా అమ్మమ్మ,
అసలు వేసిందే సగమని ఏలీషా మేనమామ.
స్లీపరు ఒకటి పల్లాలమ్మ గేదెల పాకకి దూలమైంది.
మైలురాయి మీద కత్తులు నూరీ నూరీ
అంకె అరిగింది, ఏడో ఒకటో,
ఎక్కణ్ణించి ఎక్కడికో.
ప్లాట్‌ఫారం మీద నెత్తళ్లు ఎండుతాయి.
టికెట్ల కిటికీలో కోడి పొదిగింది,
చెయ్యి పెడితే చిల్లర లేదంటుంది, ముక్కుతో.

కట్ట మీద నడక వేరు.
రెండు పక్కలా మొగలిపొదలు, ముందు తిన్నటి గీత.
నా అడుగులు వాటంతటవే కుదురుకుంటాయి
లేని స్లీపర్ల ఎడానికి.

పుంతదారి కట్టని కోసేచోట గేటు లేదు,
గేటు మనిషీ లేడు.
ఏలీషా ఆగుతాడు.
కుడివైపు చూసి, ఎడమవైపు చూసి,
కాసేపు చెవి ఒగ్గి, అప్పుడు దాటతాడు.
మొదటేడు నవ్వాను.
రెండో ఏడు అడిగాను.
"తలుపు తీసేముందు రెండువైపులా మట్టం చూడాలి" అన్నాడు.
"పడవలు మానేశాక కూడా
పదేళ్లు చూశాన్నేను. అలవాటు."

ఇవాళ నేను ముందు నడుస్తున్నాను.
ఏదో తీతువు గురించి చెబుతూ చెబుతూ
ఆగిపోయాను, పుంత దగ్గర.
కుడి. ఎడమ.
కట్ట పొడుగునా మంచు, మంచులో ఒక మేక.
ఏలీషా నవ్వలేదు.
నేను కదిలేదాకా
వెనకాలే నిలబడ్డాడు.

మళ్లీ లాకులు.
గొలుసుతో చుట్టు తిరిగొచ్చి
బయల్దేరిన రాయినే ముట్టుకున్నప్పుడు
లెక్క ఏనాడూ కలవలేదు.
జానెడో బెత్తెడో మిగిలిపోయేది.
దాన్ని అన్ని గట్లకీ తలాకాస్తా పంచేసి
పటం మడిచేవాళ్లం. అదీ ఉద్యోగం.

టీలో పంచదార వద్దన్నాం.
కొట్టు నాగరత్నం వినిపించుకోలేదు.
ఇద్దరం తాగేశాం,
కాళ్ల ఉప్పు కాలవలో కడుక్కుంటూ,
ఈ చెంచాడు తేడాని
ఏయే రోజులకి పంచాలో లెక్కేస్తూ.