నాలుగిటుకలు

ఆటోనగర్ అయిదో రోడ్డులో
మా షెడ్డుకి బోర్డు లేదు. గుంటలు రెండు.
ఆ ఏప్రిల్లో రెండింటి మీదా రెండు ఫోర్‌వీల్ బళ్ళు
ముక్కులెదురుగా పెట్టుకుని నిలబడ్డాయి.

ఎడమ గుంట మీది లారీ ఇసుక రేవుది.
కింద ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకటే ఇరుసు, కాడిలాగా.
మధ్యలో గుండు పొట్ట.
పైన కమాన్ కట్టలు, పట్టీ మీద పట్టీ తొమ్మిది.
ఒక చక్రం రాయెక్కితే రెండోది ఒరుగుతుంది,
జోడెద్దుల్లో ఒకటి మోకాలేస్తే
రెండోదాని మెడ తిరిగినట్టు.

కుడి గుంట మీది వ్యాను కళ్ళ పరీక్షలది.
దానికి ముందర ఇరుసే కనపడదు.
ఏ చక్రానికి ఆ చెయ్యి, ఆ స్ప్రింగు, ఆ బాల్ జాయింటు.
వేరు కాపురాలు. వంటిల్లు మాత్రం ఒక్కటే,
ఛాసిస్‌కి బిగించిన క్రౌను.

"ఇది పీకేసి అది పెట్టండి మేస్త్రీ"
అన్నాడు వ్యాను డ్రైవరు ఏసుపాదం.
లంకల్లో తుమ్మముళ్ళు రబ్బరు బూటు చీలుస్తాయట.
చీలికలోంచి ఇసుక దూరి
స్టీరింగు తిప్పినప్పుడల్లా టకటకటక,
లోపలెవరో వక్కలు కొరుకుతున్నట్టు.
"ఏడాదిలో దీనికి మూడు జతల బూట్లు మార్చా.
నా కాళ్ళకి ఇవే చెప్పులు."

సైదా మేస్త్రి జవాబు చెప్పలేదు.
జాకీ అడిగాడు. ఇటుకలడిగాడు. రెండు టీలు చెప్పమన్నాడు.
నేను లైటు పట్టుకున్నాను.

లారీ ముందు చక్రం కింద నాలుగిటుకలు.
ఇరుసు వాలింది. పొట్ట కూడా చక్రంతో పాటే లేచింది.
అవతలి టైరు కింద కాగితం లాగితే చిరిగింది.
బానెట్ మీది టీ సగం బానెట్టే తాగింది.

వ్యాను కింద నాలుగిటుకలు.
ఆ చక్రమొక్కటే ముడుచుకుంది.
టీ అంచుదాకా వచ్చి ఆగింది.
అవతలి టైరు కింద కాగితం
పిలిచినట్టే వచ్చేసింది.

"బరువేస్తే దీని పొట్ట నేలవైపు దిగుతుంది.
దాని పొట్ట ఎప్పుడూ అంత ఎత్తే.
అది డెబ్బై దాటితే చేతులొణికిస్తుంది.
ఇది టైరుని లోపలంచున తింటుంది.
తినని బండి లేదబ్బాయ్."
ఏది మేలో చెప్పలేదు.

అప్పుడు వెనక తలుపు తీసుకుని విమలకుమారి దిగింది.
ఏడేళ్ళుగా ఆ వెనక సీటు ఆమెదే.
చక్రాల సంగతి నాకు తెలీదండీ, అంది.
"నా మిషను వెంట్రుకవాసి కదిలితే
ఓ ముసలావిడ తప్పు కళ్ళజోడు పెట్టుకుని
రేవు మెట్లు దిగుతుంది."

మేస్త్రి ఏసుపాదం వంక చూశాడు.
ఏసుపాదం చెప్పుల వంక చూసుకున్నాడు.

ఖాతాలో నేనే రాశాను:
బూట్లు నాలుగు. క్లిప్పులు ఎనిమిది. గ్రీజు అరకిలో.
పొట్ట కింద రేకు పలక ఒకటి.
బూటు మార్చడం డ్రైవరుకి నేర్పినందుకు ఏమీ లేదు.

ఆమె ఊరికే పోలేదు.
మేస్త్రిని వ్యాన్లో కూచోబెట్టి ఓ కన్ను మూయించింది.
కుడికన్ను ఆఖరి వరస దాకా చదివింది.
ఎడమది రెండో వరసలో దిగబడింది.
ఎప్పణ్ణుంచి? ఏమో, అన్నాడు.
"ఒకటి గోతిలో పడ్డా
రెండోదానికి తెలీలేదన్నమాట."
షెడ్డంతా నవ్వింది.
మేస్త్రి కుడికన్ను అరచేత్తో మూసి
నా వంక చాలాసేపు చూశాడు.

వరద తీశాక,
లంక దారి బురదలో కూరుకుపోయిన వ్యాన్ని
అదే ఇసుక లారీ మోకు కట్టి లాక్కొచ్చింది.
ఏసుపాదానికి తొడలదాకా మట్టి.
'చెప్పానా' అనే మాట మొహాన ఉంది, నోట్లో లేదు.
ఆమె వెనక తలుపు తీసి
మిషను బల్ల మీది గీత చూసింది. వంగి మళ్ళీ చూసింది.
"కదల్లేదు."

మేస్త్రి అప్పటికే గుంటలోకి దిగుతున్నాడు,
కాలితో మెట్టు తడుముకుంటూ.
"లైటు ఎడం పక్కకి పట్టరా" అన్నాడు.