నాలుగో బీప్

గార్లండ్‌లో, టైర్ల గోడౌన్ వెనక,
గోడలకి కార్పెట్ ముక్కలు అతికించిన గదిలో
డార్లీన్ హ్రూస్కా పంతొమ్మిదేళ్లు
పదమూడేళ్ల కుర్రాడిగా ఉంది.

నేను అద్దానికి ఇవతల, మీటల ముందు.
బొమ్మ నోరు కదిలేముందు మూడు బీప్‌లు పంపేదాన్ని.
నాలుగోది ఉండదు.
అది ఉండాల్సిన చోట ఆమె మొదలుపెట్టాలి.

మొదటిరోజే చెప్పింది:
"పచ్చ ఆపిల్ కొరికితే నోట్లో జిగట చప్పుళ్లు పోతాయి.
నీకూ ఓ ముక్క కావాలా?"
చెప్పులు విప్పేసి, వాచీ తీసేసి,
గరగరలాడే జాకెట్ కుర్చీకి తగిలించి,
నా గాజుల్ని అద్దం అవతలే ఉండమని,
గొంతు కింది అరలో ఎక్కడినుంచో
మోకాళ్లు గీరుకుపోయిన పిల్లాణ్ణి బయటికి తీసేది.

ఆ కుర్రాడు పడవ నడిపేవాడు. తండ్రి కోసం వెతికేవాడు.
రెండొందల ఎనిమిది భాగాలు వెతికాడు.

చిక్కంతా పెదాల దగ్గరే.
ఎక్కడో దూరాన వేరే భాషకి గీసిన నోరది,
మాట చివర తెరుచుకునే ఉంటుంది.
ఇంగ్లీషేమో హల్లుతో తలుపేసుకుంటుంది.
"స్టాప్" అంటే ఆమె పెదవులు కలిసేవి, బొమ్మవి కలిసేవి కావు.
అజంత భాషలో పుట్టినదాన్ని,
నాకది చెవికన్నా ముందే తెలిసిపోయేది.
"'నో' అను డార్లీన్, నోరు తెరిచే ఉంచు."
"మీ ఊళ్లో అందరూ మాటని ఇలా తెరిచే వదిలేస్తారా?"
"మా తెనాల్లో అసలు నోరే మూయరు."
ఆ నవ్వు రికార్డయింది. నేను చెరపలేదు.

శుక్రవారాలు మాటల్లేని పని.
దెబ్బ తినడం, మెట్ల మీంచి దొర్లడం,
నీళ్లు మింగడం, వేడి నూడుల్స్ మింగడం.
ఒక్క మధ్యాహ్నం పదకొండుసార్లు చచ్చిపోయి
మూడింటికల్లా మనవరాలి స్కూలు బస్సుకి ఎదురెళ్లేది.
గంటకింత, అంతే.
టీవీలో ఎన్నిసార్లు తిరిగొచ్చినా
ఆ కుర్రాడు ఆమెకి మళ్లీ ఒక్క డాలరు తెచ్చింది లేదు.

ఆఖరి భాగంలో తండ్రి దొరికాడు.
కాగితం మీద ఒక్క మాటే. "డాడ్."
బొమ్మ నోరు చాలాసేపు తెరుచుకునే ఉంది.
పధ్నాలుగు టేకులు. ప్రతిసారీ ఆ చివరి అక్షరం
తండ్రి ముఖాన తలుపు వేసినట్టే.
"మీరేమంటారు?" అని నన్నడిగింది.
చెప్పాను.
బీప్, బీప్, బీప్,
"నాన్నా..."
పెదాలకి సరిగ్గా, జానెడు గాలి కూడా మిగలకుండా.
డైరెక్టర్ నవ్వి, కుదరదన్నాడు. ఉత్త ఊపిరి ఒకటి పెట్టుకున్నాడు.
ఆ టేక్ సర్వర్ మార్చినప్పుడు పోయింది.

ఇప్పుడామెకి డెబ్బై నాలుగు. స్వరతంత్రుల మీద కాయలు.
డాక్టర్ గుసగుసలు కూడా వద్దన్నాడట.
ఫోన్ చేసిన వాళ్లంతా "సర్" అంటారు.
"వాడు పెద్దాడయ్యాడు, చూశావా,"
అంటుంది, ఇసక జల్లెడ పట్టినట్టున్న గొంతుతో.

పోయిన శనివారం వెళ్లాను.
సూప్ వేడికి పెట్టి, కూర్చోమని సైగ చేసింది.
మైక్రోవేవ్ మూడుసార్లు కూసింది.
ఆమె భుజాలు లేచాయి.
నా వేలు లేని మీట కోసం బల్ల మీద తడుముకుంది.

సూప్ కాసేపు లోపలే ఉండిపోయింది.