నలభయ్యేడో అట్టముక్క

చినముషిడివాడలో
ఆన్‌లైను పరీక్షల సెంటరుకి ఎదురుగా
నాలుగు కర్రలు, ఒక టార్పాలిను, నేను.
మామూలు రోజుల్లో టీ, ఉల్లి పకోడీ.
ఎండలు ముదిరాక మాత్రం
టీ కన్నా కాపలాకే గిరాకీ:
సంచికి ఇరవై, ఫోనుకి పది.

అగరబత్తి పెట్టెలు ముక్కలు కోసి
స్కెచ్ పెన్నుతో నంబర్లేస్తాను.
ఒక ముక్క వస్తువుకి, ఒక ముక్క వాళ్ల చేతికి.
నా చదువు ఏడుతో ఆగింది గాని
అంకెలు నాకెప్పుడూ ఎదురు తిరగలేదు.

ఏడింటికే దిగుతారు పిల్లలు.
పాడేరు నుంచి రాత్రే బయల్దేరినవాళ్లు
నా బిందెలో నీళ్లతో మొహం కడుక్కుంటారు.
గేటు దగ్గర ఒకటే కేక:
వాచీ తియ్యి, బెల్టు తియ్యి,
ఆ తాయెత్తేటి, అదీ తియ్యి.
తియ్యగలిగినవన్నీ నా బల్ల మీదికొస్తాయి.
తియ్యలేనివి వాళ్లతోనే లోపలికెళ్తాయి.

కొర్రా ప్రశాంతికి ముక్కుపుడక ఊడలేదు.
పకోడీల నూనె వేలికద్ది
మెల్లగా తిప్పాను, చీమ తలంత నెత్తురు.
"నొప్పి లేదు పిన్నీ" అంది, కళ్లు నిండిపోయి.
బెజ్జం పూడిపోకుండా చీపురుపుల్ల పెడితే
గేటు దగ్గర అదీ తీయించారు.

గేటు మూశాక మొదలవుతుంది.
ఆపమంటే ఆపరు, సౌండు తగ్గిస్తారంతే.
స్టీలు పళ్లెంలో ఫోన్లు
వెల్లకిలా పడ్డ బొద్దింకల్లా గిరగిరా తిరుగుతాయి:
అమ్మ. నాన్న కొత్త నంబరు. కెమిస్ట్రీ సార్. అమ్మ.
లోపలున్నారని తెలిసీ ఎందుకు చేస్తారో.
ఒకసారి ఆగలేక ఎత్తాను.
"టిఫిను తిన్నాడా అమ్మా?"
"తిన్నాడమ్మా, రెండిడ్లీలు."
ఆ తప్పుకి నాకెవరూ మార్కు కొయ్యలేదు.

మధ్యాహ్నం గేటు తెరిస్తే
ఒకటే గోల. నిన్నటి షిఫ్టు తేలికంట,
ఇవాళ్టిది కష్టమంట,
కష్టమొచ్చినవాళ్లకి కలిపి
లెక్క సరిచేస్తారంట.
మా పెద్దోడు హుద్‌హుద్ తుఫాను ఏడాది
పదో తరగతి.
రేకులు ఎగిరిపోయిన ఇంట్లో
తడిసిన సైన్సు పుస్తకం తాడు మీద ఆరేసుకున్నాడు.
ఆడికెవరూ ఏటీ కలపలేదు.
ఇప్పుడు ఆటోనగర్‌లో వెల్డింగు.

ప్రశాంతి వచ్చి
ఫోను కెమెరాలో చూసుకుంటూ
పుడక తనే పెట్టుకుంది.
ఎలా రాశావని అడగలేదు,
ముంజలు తింటావా అనడిగాను.

అందరూ వెళ్లారు. నలభయ్యేడు వెళ్లలేదు.
"ఇంకాసేపు ఉంచు పిన్నీ."
పళ్లెంలో వాడి ఫోనొక్కటే
*ఇల్లు* అని వెలిగి, అంచుదాకా పాకి, ఆరుతుంది.
మళ్లీ వెలుగుతుంది.
సింహాచలం కొండ మీద ఎండ తెల్లగా మండుతోంది.

"పోయినేడు కూడా వచ్చాను, గుర్తున్నానా?"
లేడు. గుర్తున్నావన్నాను.
పర్సులోంచి తీశాడు ఒక ముక్క,
మూలలు అరిగి, నంబరు పన్నెండు,
ఇవ్వటం మరిచిపోయాడంట.
మరిచిపోయింది ఏడాదంతా పర్సులో ఎందుకుందో
నేను అడగలేదు, వాడు చెప్పలేదు.
వాసన చూశాను. ఇంకా సాంబ్రాణే.

తర్వాత ఎవరూ చెప్పకుండానే
గ్లాసులు కడగడం మొదలెట్టాడు.
ఇరవై రెండు గ్లాసులు,
ఒక్కోదాన్ని వెలుతురుకెత్తి చూస్తూ,
అడుగున ఏదో రాసున్నట్టు.
ఆఖరిది బోర్లించి
చేతులు ప్యాంటుకి తుడుచుకుని ఫోనెత్తాడు.
"ఆఁ అమ్మా. అయిపోయింది.
లేదు, ఏం తినలేదు.
వస్తున్నా. అన్నం ఉంచు."

పది రూపాయలు బల్ల మీద పెట్టి
పెందుర్తి వైపు నడిచాడు, బస్సు కోసం ఆగకుండా.

రెండో షిఫ్టు ఆటోలు వస్తున్నాయి.
ముక్కలు వరసగా పేర్చుకుంటే
పన్నెండులు రెండున్నాయి.
ఒకటి పోపుల డబ్బాలో పడేసి తలెత్తాను.
గేటు దగ్గర ఎవరో పిల్ల
గాజుతో పెనుగులాడుతోంది.
నూనె గిన్నె ఇటు జరుపుకున్నాను.