లక్షలు తక్కువ, ఇరవై ఒకటి ఎక్కువ

డబ్బా మీద పేరు రాయమంటే
మగవాళ్ళు ఇంటిపేరు మింగేస్తారు.
డే అండ్ నైట్ జంక్షన్‌లో, మందులకొట్టు మీది అంతస్తులో
పదకొండేళ్ళుగా చూస్తున్నాను.
డబ్బాని చేతిరుమాల్లో చుట్టి
కిటికీ గట్టున పెట్టి
నా మొహం చూడకుండా మెట్లు దిగిపోతారు,
అప్పులాడు ఎదురైనట్టు.

ఇతను మాత్రం మొత్తం రాశాడు:
దున్న ఢిల్లేశ్వరరావు, పలాస, జీడిపిక్కల బట్టీ.
"బట్టీ అక్కర్లేదండీ" అన్నాను.
"ఉండనీండి మేడమ్. పదారేళ్ళు అందులోనే ఉన్నాను."

అరగంట ఆగాలి, చిక్కదనం కరిగేదాకా.
తర్వాత గళ్ళ గాజుపలక, ఒంటికన్ను, వేలికింద లెక్కమీట.
ఈదేవి, ఉన్నచోటే గింగిరాలు తిరిగేవి,
ఊరికే పడున్నవి.
జ్యేష్ఠమాసపు నాగావళిలా ఉంది ఆ పలక:
చాలా ఇసుక,
ఎక్కడో ఒక తోక కదిలిన జాడ.

మధ్యాహ్నం కాయితం అందుకుని పైకే చదివాడు.
"ముప్పై లచ్చలు!
అన్నిట్లో ఒక్కటి సాలదేటండి?"
నవ్వాడు. నేనూ నవ్వాను, నవ్వి ఉండాల్సింది కాదు.
"కోటిన్నర దాటాలండీ."

రెండోది నెత్తురు కాయితం.
ఎఫ్‌ఎస్‌హెచ్ ఇరవై ఒకటి. పక్కన, పన్నెండు దాకా ఉండొచ్చని.
"ఇదైతే డబలు కాదేటండి? బలమేనా?"

రిపోర్టు గురించి డాక్టరుగారినే అడగవలెను
అని గోడ మీద బోర్డుంది. నా దస్తూరీయే.
డాక్టరుగారు ఆరు దాటితే గానీ రారు.
అతను ఆ అంకె మీద వేలు పెట్టుకుని నిలబడ్డాడు,
దొరక్క దొరికిన మార్కులా.

"బట్టీ మోతలో మేస్త్రీ నిన్నెలా పిలుస్తాడు?"
"పేరెట్టి."
"పలక్కపోతే?"
"అరుస్తాడండి."
"అప్పటికీ పలక్కపోతే?"
"ఇంకా అరుస్తాడు. అమ్మనీ అక్కనీ తిడతాడు."
"ఆ ఇరవై ఒకటి అరుపేనండీ.
తలలో, కళ్ళ వెనక, శనగగింజంత మేస్త్రీ ఉంటాడు.
కిందనుంచి సరుకు అందుతుంటే గొంతు తగ్గిస్తాడు.
అందకపోతే పెంచుతాడు."

చాలాసేపు ఏమీ అనలేదు.
ఫ్యాను కాయితాన్ని లేపుతుంటే అరచేత్తో అదిమాడు.
ఆ చేతిమీద జీడిసొన కాల్చిన నల్లటి మచ్చలు,
వాటి మధ్య ఒకటి వేరేది,
పంటిగాటు.
"గొట్టాల్లోకి రంగునీళ్ళు ఎక్కించినప్పుడు
దమయంతి కొరికిందండి.
కాశీబుగ్గలో మూడు టెస్టులు, బరంపురంలో రెండు.
ఆరేళ్ళు.
నాది ఇదే మొదటి డబ్బా."

ఇంకొకటి కూడా చెప్పాను, ఎలాగూ బోర్డు దాటేశాను కనక.
"ఇవాళ నేను లెక్కపెట్టినవి ఇవాళ్టివి కావు.
రెండున్నర నెలల కిందట మొదలైనవి.
జీడిపూత పిక్కయ్యేంత కాలం."
వేళ్ళు మడిచాడు. "అప్పుడు పోటు సీజనండి.
డ్రమ్ముకాడ రెండు షిఫ్టులూ నానే."
ఆ వేడి వల్లే అని చెప్పలేను, కాదనీ చెప్పలేను.
దేవుడు అన్నీ ఒంట్లో దాచి
ఆ ఒక్కటీ బయట వేలాడదీసింది చల్లదనం కోసమే అని,
మూడు నెలలు డ్రమ్ము మారి మళ్ళీ రమ్మని,
ముప్పై లక్షలంటే సున్నా కాదని,
అంతవరకే చెప్పగలిగాను.

మెట్ల దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు.
"మా అమ్మకి మీరు సెప్తారేటండి?
నాను సెప్తే ఆడదాన్ని ఎనకేసుకొస్తున్నానంటాది."
నంబరు నొక్కి, స్పీకరు పెట్టి
ఫోను నా బల్ల మీద, డబ్బాల పక్కన ఉంచాడు.

"ఎవులు?" అంది గొంతు. కోళ్ళ అరుపులు, ఎక్కడో ఆటో హారను.
"లాబునుంచమ్మా. కాయితం వచ్చింది."
"ఏటంట దానికి?"

దానికి.
బోర్డు వైపు చూశాను. అతని వైపు చూశాను.
కాయితం కళ్ళకి దగ్గరగా పట్టుకుని
పేరు దగ్గర్నుంచి మొదలెట్టాను:
దున్న ఢిల్లేశ్వరరావు, పలాస...

"బట్టీ కూడా సదవండి" అన్నాడు.