యాభై నిమిషాల గంట

మా ఆఫీసులో గంట అంటే యాభై నిమిషాలు.
మిగిలిన పది కాఫీకి, కాళ్ళు చాపుకోవడానికి.
పంచాంగం లెక్కలో రెండు ఘడియలు,
పైన రెండు నిమిషాలు కొసరు.
కొసరు కూడా ఫారంలో చూపించాలి.

హెలెనాలో ఫిబ్రవరి. కిటికీ అద్దానికి లోపలివైపు మంచు.
నా బల్ల మీద కోర్సుల దరఖాస్తులు.
కరెంటు పనివాళ్ళు లైసెన్సు నిలుపుకోవాలంటే
కూర్చుని వినవలసిన పాఠాలు.
పాఠం ముసుగులో బ్రేకర్లు అమ్మజూసే కంపెనీలు కొన్ని,
వాటిని వాసన పట్టడం నేర్చుకున్నాను.
ఏది పాఠమో ముద్ర వేసి చెప్పేది నేనే,
స్క్రూడ్రైవర్ సరిగా పట్టుకోవడం రాని నేను.

ఆర్లిస్ స్టెన్స్‌రుడ్ అనే ఆయన పంపాడొకటి,
లూయిస్‌టౌన్ నుంచి, పెన్సిల్‌తో.
కోర్సు పేరు: నేను చేసిన తప్పులు.
వ్యవధి: నాలుగు గంటలు, చాలకపోవచ్చు.
బోధకుడి అర్హత: నలభై ఒక్క ఏళ్ళు, ఎనిమిది వేళ్ళు.

తిప్పి పంపాను.
నిమిషాలవారీ ప్రణాళిక లేదు.
ఏ అంశం కోడ్‌లో ఏ సెక్షన్ కిందికొస్తుందో లేదు.
'చాలకపోవచ్చు' అన్నది వ్యవధి కాదు.

రెండోసారి టైపు చేయించి పంపాడు, మనవరాలి చేత కాబోలు,
అక్షరాలు ఊదారంగులో ఉన్నాయి.
ఎనిమిది నుంచి ఎనిమిదింపావు: హాజరు సంతకాలు.
అక్కణ్ణుంచి తొమ్మిది: గ్రౌండింగ్, తడినేల, పశువుల కొట్టాలు.
తొమ్మిది నుంచి తొమ్మిదీ ఇరవై: టాడ్ క్వామీ.
తొమ్మిదీ ఇరవై నుంచి తొమ్మిదిన్నర: ఎవరూ మాట్లాడరు.

ఎర్రసిరాతో రాశాను:
టాడ్ క్వామీ ఏ సెక్షన్?
మాట్లాడని పది నిమిషాలు విరామమైతే లెక్కలోకి రావు,
బోధన అయితే లక్ష్యం రాయాలి.

మూడోసారి కాగితం రాలేదు, మనిషే వచ్చాడు.
మూడున్నర గంటల దారి. ఆయన గంటలు, అరవై నిమిషాలవి.
టోపీ తీసి బల్ల మీద పెట్టాడు,
ఎడమచెయ్యి దాచుకోలేదు.
చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాణ్ణి చూసి
నవ్వడంతోనే సామెత ఆగిపోతుంది.
ఆ తర్వాత వాడు ఆకుల గురించి చెప్పొస్తే
ఏం చెయ్యాలో అందులో లేదు.

"టాడ్ సెక్షన్ కాదమ్మా. పంతొమ్మిదేళ్ళవాడు.
మెయిన్ ఆపావా అని అడిగాడు.
ఆపాననే చెప్పాను.
నేను ఆపింది పక్క కొట్టానిది."

అంతే. హీటర్ టకటకలాడింది.
గడియారం వైపు చూడకూడదని చూడలేదు,
అయినా తెలుసు, పది నిమిషాలు చాలవు.

నిబంధన మార్చే అధికారం నాకు లేదు.
కోడ్ పుస్తకం ఇద్దరి మధ్యా తెరిచాను,
ఆ పేజీకి ఆయన వేలే ముందు చేరింది.
తీగ ముట్టేముందు కరెంటు లేదని పరీక్షించాలి.
ఎవరో చెప్పారని కాదు, మీటరు పెట్టి.
ఆ నంబరు టాడ్ పేరు పక్కన రాశాడు.
అంశం శీర్షికల్లో వ్యక్తుల పేర్లుండకూడదన్నాను.
కొట్టెయ్యలేదు.
నేను మళ్ళీ అనలేదు.

మాట్లాడని పది నిమిషాలకి లక్ష్యం ఇద్దరం కలిసి కట్టాం:
'హాజరైనవారు, తాము చివరిసారి
పరీక్షించకుండా ముట్టుకున్న తీగను
గుర్తుచేసుకోగలుగుతారు.'
'గలుగుతారు' అని ముగిస్తే మా బోర్డుకి ఇష్టం.

ముద్ర వేశాను. రెండేళ్ళు చెల్లుతుంది.

మే నెలలో అభిప్రాయ పత్రాలు వచ్చాయి, ఇరవై ఆరు.
కుర్చీలు గట్టివట. డోనట్లు నిన్నటివట.
ప్రొజెక్టర్ పనిచెయ్యలేదట, గదినిండా ఎలక్ట్రీషియన్లే ఉండి.
ఒకదానిలో మాత్రం గళ్ళన్నీ ఖాళీ, అడుగున ఒక్క ముక్క:
ఇంటికి పోతూ దారిలో వెనక్కి తిరిగి
నిన్న మూసేసిన పెట్టెను మళ్ళీ తెరిచాను.

తెరిస్తే ఏం కనిపించిందో రాయలేదు.
సంతకం లేదు.
సంతకం లేని పత్రం లెక్కలోకి రాదు,
ఇరవై అయిదు అని నమోదు చేశాను.