ఎనుమామ తుమ్ము

ఎనుమాముల మార్కెట్ల ఎర్ర మిర్చి కుప్ప,
కుప్ప పక్కన కూసుంది కొప్పున్న కప్ప.

కప్పకు కొప్పేందని కోపం జేయకున్రి,
తప్పు నాది కానే కాదు, జెర ఇనున్రి!

"గొప్ప కప్ప" అంటె నేను, "కొప్పు కప్ప" అనుకున్నది,
చెవుల దూది వెట్టుకోని రజితక్క గీస్తున్నది.
దూది ఎందుకంటరా? పత్తి యార్డు పక్కిల్లు,
లారీ హారన్లు మోగితె గల్లు గల్లు గల్లు.

సరే, కప్పనిడిసి కథలోకి వద్దాం,
ఓదెలు మామ బర్రెకాడ ఓపిగ్గ నిలుద్దాం.

ఎనుమాముల ఎనుమును ఎనుమామ అనకుంట
ఏమని పిలవాలె? ఎలకపిల్ల అనుకుంట?
ఆడబర్రె మామెట్లయె? అడగకున్రి నన్ను,
అడిగితె మా ఎనుమామ ఎర్ర జేస్తది కన్ను.

ఓనాడు పొద్దుగాల బస్తా మూతి నాకింది,
మిర్చి ఘాటు ముక్కుల మూలదాక పాకింది.
ముక్కు గజగజ వణికె, మూతి వంకరయ్యింది,
తోక లేసి నిలవడ్డది, పొట్ట డోలయ్యింది.

హా... అన్నది. ఆగింది.
హా... హా... అన్నది. ఆగింది.

(ఈడ పేజీ తిప్పున్రి. తొందరేం లేదు.
తుమ్ము ఎటూ పోదు.)

హాఆఆఆ ఛ్ఛీ!

ఓదెలు మామ తువ్వాల ఓరుగల్లు దాటింది,
కాజీపేట గార్డు సారు చేతికొచ్చి చిక్కింది.
ఆకుపచ్చ తువ్వాలను ఆయన ఊపి సూసిండు,
గూడ్సు బండి డ్రైవరేమొ "కూ" అని కూతేసిండు.

బొగ్గుల గూడ ఘాటు జొర్రె! యాభై ఎనిమిది డబ్బలు.
స్టేషన్ మాస్టర్ చెవులకు యాభై ఎనిమిది దెబ్బలు.

కొత్తవాడ మగ్గం మీద చిలుకవ్వ తుమ్మింది,
నిలువు చార జంపఖాన పాము లెక్క తిరిగింది.
"ఏం డిజైను అవ్వా ఇది!" అని ఎగవడి కొన్నరు,
"తుమ్ము డిజైన్" ఇంకో నాలుగు కావాలె అన్నరు.
అవ్వకేమొ తుమ్ము రాదు! ముక్కుల పుల్ల వెట్టింది,
పుల్లకు గూడ రాకపాయె, పుల్లనే తిట్టింది.

వెయ్యి స్తంభాల గుడిల ఓ లెక్కల సారు
తొమ్మిదొందల తొంభై దాక ఎంచుకుంట పోయారు.
హాఛ్ అనంగ మరిసిపోయి మొదటికే వచ్చారు,
ఒకటి... రెండు... మూడు... ఇంకా ఆడనె ఉన్నారు.

గప్పుడే మా రజితక్క గూడ ఒక్కటి తుమ్మింది,
ఎర్ర రంగు సీస ఒరిగి పేజీ అంత కమ్మింది!
ఓదెలు మామ నెత్తికి కొమ్ములు, బర్రె కాళ్ళకు జోడు,
సారువారి ముక్కు మీద సకినాల కళ్ళజోడు.

"ఆపున్రో! ఆపున్రో!" అని ఊరు ఊరు ఒర్రంగ
కుప్ప మీదికెక్కింది మన కప్ప, మెల్లంగ.
కొప్పు ఇప్పి సూత్తె ఏముంది? అంతా పత్తి ముద్ద!
రెండు ఉండలు జేసింది, ఒకటి సిన్నది, ఒకటి పెద్ద.
ఎనుమామ ముక్కులల్ల రెండు ఉండలు కుక్కింది,
తుమ్ము లోపల్నే ఉండి బిక్కుబిక్కుమన్నది.

"సూసినవా, కొప్పే కద కథను కాపాడింది!"
రజితక్క నా ముంగట జబ్బలు సరిసి ఆడింది.
ఏం జేస్త? ఒప్పుకున్న. ఒక జామకాయ ఇచ్చిన.
సగం నేను కొరికినంకనే. అది వేరే ముచ్చట.

ముక్కు నిండ దూదాయె, సున్న ఎట్ల పలుకుతది?
"అంబా" అందామంటె నోట్ల "అబ్బా" అనే వస్తది.
"ఏడ నొచ్చె ఎనుమామా?" ఓదెలు మామ అడిగిండు.
"అబ్బా!"
"కడుపుల్నా?"
"అబ్బా!"
డాక్టర్ కోసం ఉరికిండు.

ఆఖరి పేజీల బొమ్మ లేదు. ఎర్ర రంగు ఒడిసింది.
మీరే గీసుకోన్రి. కప్ప ఆ మూలకు నడిసింది.
కొప్పు మాత్రం వద్దు.

(కొప్పు వెట్టున్రి. – రజితక్క)